కారు పైకప్పులో కిటికీ

సన్‌రూఫ్ అంటే కారు పైకప్పులో తెరవడానికీ మూయడానికీ వీలుగా అమర్చిన పలక. అది రేకుది కావచ్చు, గాజుది కావచ్చు. కంపెనీ నుంచే సన్‌రూఫ్‌తో వచ్చిన కారులో ఆ ఖాళీ చుట్టూ ఎంత బలం ఉండాలి, వాన నీరు ఎటు పోవాలి, గాలి ఎలా మళ్లాలి అన్నది ముందే లెక్కగట్టి ఉంటుంది. మామూలు పైకప్పుతో వచ్చిన కారుకు తరవాత సన్‌రూఫ్ పెట్టాలంటే ఆ లెక్కలన్నీ పని చేసేవారే వేసుకోవాలి. పాత కారును కొని, పూర్తిగా విప్పి, తమ అభిరుచికి తగ్గట్టు మళ్లీ కట్టుకునేవాళ్లు దాన్ని ప్రాజెక్టు కారు అంటారు. అలాంటి కార్లలో ఎంతో మోజుతో మొదలై ఎక్కువగా చెడిపోయే పనుల్లో సన్‌రూఫ్ ఒకటి. కారు పైకప్పు బరువు మోస్తుంది, నీటిని ఆపుతుంది. రేకు కోసిన మరుక్షణం ఈ రెండింటికీ గండి పడుతుంది. ఆ రెండింటినీ కారుకు తిరిగి సమకూర్చడమే అసలు పని. గాజు బిగించడం అందులో చివరి అంకం మాత్రమే.

ఈ ఏర్పాటుకు ఎనభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని కెనోషా పట్టణంలో కార్లు తయారు చేసిన నాష్ కంపెనీ 1937లో సన్‌రూఫ్‌ను ఫ్యాక్టరీలోనే అమర్చి ఇవ్వడం మొదలుపెట్టింది. అదే దశకంలో జర్మనీలో వెబాస్టో సంస్థ వెనక్కి మడిచే గుడ్డ పైకప్పులు తయారు చేసింది. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారుకు చాలాకాలం అలాంటి గుడ్డ పైకప్పే ఉండేది. 1964 మోడల్ నుంచి దాని స్థానంలో చేతి పిడి తిప్పితే జరిగే ఉక్కు పలక వచ్చింది. జర్మనీ నుంచి విద్యార్థిగా అమెరికా వెళ్లిన హైంజ్ ప్రెక్టర్ 1965లో లాస్ ఏంజిలెస్‌లో అమెరికన్ సన్‌రూఫ్ కంపెనీని స్థాపించాడు. తయారైన కార్లకు విడిగా సన్‌రూఫ్ బిగించే చిన్న షెడ్డుగా మొదలైన ఆ సంస్థ, తరవాత మిషిగన్ రాష్ట్రానికి చేరి పెద్ద కార్ల కంపెనీలకే పని చేసిపెట్టే స్థాయికి ఎదిగింది. 1973లో లింకన్ కాంటినెంటల్ మార్క్ 4 కారులో రేకు పలకకు బదులు రంగు గాజు పలక వచ్చింది. మూసి ఉన్నా వెలుతురు లోపలికి వచ్చే సన్‌రూఫ్‌కు అప్పటి నుంచి గిరాకీ పెరిగింది.

కోత పెట్టబోయేవారు ముందుగా పైకప్పు నిర్మాణం తెలుసుకోవాలి. పైకి కనిపించే రేకు మందం సాధారణంగా ఒక మిల్లీమీటరుకు లోపే. అంత పల్చటి రేకు గట్టిగా నిలబడటానికి ఒక కారణం దాని వంపు. ముందు నుంచి వెనక్కీ, ఎడమ నుంచి కుడికీ రెండు దిక్కులా ఉబ్బెత్తుగా ఉండటం వల్ల అది నొక్కులు పడకుండా నిలుస్తుంది. రెండో కారణం కింద ఉన్న చట్రం. ముందు అద్దం పైన ఒక అడ్డపట్టీ, వెనక అద్దం పైన మరొకటి, తలుపుల పైన పొడవునా రెండు పక్కపట్టీలు ఉంటాయి. వీటి మధ్య అడ్డంగా ఒకటో రెండో సన్నని కమ్మీలు వంపు తిరిగి ఉంటాయి. రేకుకూ ఆ కమ్మీలకూ మధ్య మెత్తటి జిగురు ముద్దలు పెడతారు. కారు పరుగెత్తేటప్పుడు రేకు దడదడలాడకుండా ఆపేవి అవే. మొత్తం పైకప్పు బరువంతా ముందు, మధ్య, వెనక స్తంభాల మీదుగా కిందికి దిగుతుంది.

కారు కింది నిర్మాణం కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. లారీలాగా విడి ఛాసిస్ మీద బాడీ కూర్చోబెట్టిన కార్లలో మెలి తిప్పే బలాల్లో ఎక్కువ భాగాన్ని ఛాసిసే భరిస్తుంది. బాడీయే ఛాసిస్‌గా తయారైన కార్లలో పైకప్పు కూడా ఆ బలాన్ని పంచుకుంటుంది. అందువల్ల రెండో రకం కార్లలో పైకప్పు కోస్తే కారు మొత్తం కొంత పట్టు తప్పుతుంది. తలుపుల సందులు మారడం, గుంతల్లో కిర్రుమనడం, ముందు అద్దం మూలల్లో పగుళ్లు రావడం దాని గుర్తులు. ఇటీవలి కార్లలో మరో చిక్కు ఉంది. పక్కపట్టీల వెంట కర్టెన్ ఎయిర్‌బ్యాగులు మడిచి పెట్టి ఉంటాయి. వాటి జోలికి వెళ్లే పని ఏదైనా ప్రాణాపాయంతో కూడినదే. ప్రాజెక్టు పనికి సాధారణంగా ఎయిర్‌బ్యాగులు రాకముందు కాలపు కార్లను ఎంచుకోవడం ఈ విషయంలో మేలు చేస్తుంది.

విడిగా బిగించే సన్‌రూఫ్‌లు ప్రధానంగా మూడు రకాలు. మొదటిది వెనక అంచు మాత్రమే పైకి లేచే రకం. ముందు వైపు రెండు కీళ్లు, వెనక ఒక గొళ్లెం, మధ్యలో గాజు, ఇంతే దాని కథ. 15 అంగుళాల నిడివి, 30 అంగుళాల వెడల్పు ఉన్న కొలత ఇందులో బాగా వాడుకలో ఉంది. వేడి గాలి బయటికి పోవడానికి ఇది చాలు. కావాలంటే గాజును పూర్తిగా తీసి డిక్కీలో పెట్టుకోవచ్చు. ధర తక్కువ, పని తక్కువ, తల పైన ఎత్తు పెద్దగా తగ్గదు. రెండోది గాజు పైకి లేచి, పైకప్పు బయటి వైపు నుంచే వెనక్కి జరిగే రకం. దీనికీ లోపల ఎక్కువ చోటు అక్కర్లేదు గానీ, గాజు కొంతమేరకే జరుగుతుంది. తెరిచి ఉన్నప్పుడు గాలికి అడ్డుగా నిలుస్తుంది.

మూడోది గాజు పైకప్పు రేకుకూ లోపలి సీలింగు గుడ్డకూ మధ్య దూరి మాయమయ్యే రకం. ఫ్యాక్టరీ కార్లలో కనిపించేది ఎక్కువగా ఇదే. చూడటానికి ఇదే అందం, చేయడానికి ఇదే కష్టం. పట్టాలు, నీటి తొట్టి, మోటారు అన్నీ కలిసిన పెద్ద చట్రం పైకప్పు కింద కూర్చోవాలి. దానివల్ల లోపల తల పైన దాదాపు రెండు అంగుళాల ఎత్తు పోతుంది. కోసిన ఖాళీకి వెనక, గాజు పూర్తిగా దూరడానికి సరిపడా పొడవు ఉండాలి. పొట్టి పైకప్పు ఉన్న చిన్న కార్లకు ఇది కుదరదు. ఏ రకం ఎంచుకోవాలన్నది మోజును బట్టి కాకుండా కారు పైకప్పు కొలతలను బట్టి తేలాలి.

దాత కారు నుంచి తెచ్చి అమర్చడం మరో పద్ధతి. ఒకే మోడల్‌లో సన్‌రూఫ్ ఉన్న కారూ, లేని కారూ రెండూ తయారై ఉంటే, తుక్కుకు వెళ్లిన సన్‌రూఫ్ కారు నుంచి పైకప్పు రేకును, దాని కింది చట్రంతో సహా తీసుకువస్తారు. వాన నీటి గాడి వెంట ఉన్న స్పాట్ వెల్డింగ్ చుక్కలను ఒక్కొక్కటిగా డ్రిల్లుతో తొలిచి రేకును విడదీస్తారు. అదే గాడిలో కొత్త పైకప్పును కూర్చోబెట్టి వెల్డింగ్ చేస్తారు. పైకప్పు మధ్యలో ఎక్కడా అతుకు రాదు. కంపెనీ లెక్కగట్టిన బలమంతా చట్రంతో పాటే వస్తుంది. బీటిల్ కార్లలో ఈ పద్ధతి బాగా నడిచింది. దాత కారు దొరికితే దీన్ని మించిన మార్గం లేదు.

అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియాకు చెందిన లోరైడర్ కార్ల తయారీదారులు ఒక కారు సన్‌రూఫ్‌ను మరో కారులో అమర్చే విద్యలో ఆరితేరారు. మెక్సికన్ అమెరికన్ సమాజంలో పుట్టిన ఈ సంప్రదాయంలో పాత పెద్ద కార్లను నేలకు దగ్గరగా దించి, రంగులద్ది, సాయంత్రాలు మెల్లగా వీధుల్లో నడుపుతారు. లాస్ ఏంజిలెస్ తూర్పు భాగంలోని విట్టియర్ బూలెవార్డ్ అందుకు పేరుపడ్డ దారి. వాళ్లకు అత్యంత ప్రియమైన కారు 1964 షెవర్లే ఇంపాలా. 1970, 80 దశకాల నాటి పెద్ద క్యాడిలాక్, లింకన్ వంటి కార్ల నుంచి 42 అంగుళాల గాజు సన్‌రూఫ్‌ను తీసి ఇంపాలాలో అమర్చడం వారిలో గొప్ప పనితనంగా చెలామణి అవుతుంది.

ఈ కారును దగ్గరగా పరిశీలిస్తే సన్‌రూఫ్ పనిలోని చిక్కులన్నీ తెలుస్తాయి. రెండు తలుపుల హార్డ్‌టాప్ ఇంపాలాకు మధ్య స్తంభం ఉండదు. పక్క అద్దాలు దించితే ముందు నుంచి వెనక దాకా ఖాళీయే. అంటే పైకప్పు ముందు స్తంభాల మీద, వెనక స్తంభాల మీద మాత్రమే ఆని ఉంటుంది. కింద ఉన్నది ఎక్స్ ఆకారపు ఛాసిస్. దానికి రెండు పక్కలా పొడవాటి పట్టీలు ఉండవు. జనరల్ మోటార్స్ 1965లో ఇంపాలాకు ఆ ఛాసిస్ తీసేసి, చుట్టూ పట్టీలున్న ఛాసిస్ తెచ్చింది. 1964 కారులో ఛాసిస్ మధ్యలో ఇరుకు, పైన స్తంభం లేదు, అటువంటి పైకప్పు నడుమ 42 అంగుళాల ఖాళీ పెడతారు. అడ్డంగా ఉన్న కమ్మీలను కోయక తప్పదు. కోసిన బలాన్ని ఖాళీ చుట్టూ ఉక్కు పట్టీగా మళ్లీ కట్టకపోతే, ఎగిరి దూకే హైడ్రాలిక్ సస్పెన్షన్ ఉన్న ఆ కారు పైకప్పు కొన్నాళ్లకే అలలు పడుతుంది. మంచి పనివాళ్లు అందుకే పక్కపట్టీ నుంచి పక్కపట్టీ దాకా, ముందు అడ్డపట్టీ నుంచి వెనక అడ్డపట్టీ దాకా కొత్త చట్రాన్ని అల్లుతారు.

పని క్రమం లోపలి నుంచి మొదలవుతుంది. ముందు సీట్లు, సీలింగు గుడ్డ, లోపలి దీపం తీసేస్తారు. పాత కార్లలో సీలింగు గుడ్డను సన్నని ఇనుప తీగలు పట్టి ఉంచుతాయి. ఏ తీగ ఏ రంధ్రంలో ఉందో గుర్తు పెట్టుకోవాలి. లేకపోతే తిరిగి బిగించేటప్పుడు గుడ్డ ముడతలు పడుతుంది. గుడ్డ తీశాక వైర్లు ఎక్కడ నడుస్తున్నాయి, కమ్మీలు ఎక్కడ ఉన్నాయి, పాత తుప్పు ఎక్కడ పట్టింది అన్నది కళ్లకు కనిపిస్తుంది. తుప్పు పట్టిన పైకప్పుకు ముందు ఆ తుప్పు సంగతి చూడాలి. సన్‌రూఫ్ బలం దాని చుట్టూ ఉన్న రేకు బలాన్ని మించదు.

తరవాతి పని కొలత. పైకప్పు మీద ముందు అద్దం మధ్య బిందువు నుంచి వెనక అద్దం మధ్య బిందువు దాకా టేపుతో మధ్యగీత వేస్తారు. ఖాళీ అంచులన్నీ ఆ గీత నుంచే కొలుస్తారు. సన్‌రూఫ్‌తో వచ్చే కాగితపు నమూనాను టేపుతో అంటించి, డ్రైవరు సీట్లో మనిషిని కూర్చోబెట్టి, ఖాళీ తల మీదికి వస్తుందా, ముందుకు వస్తుందా చూస్తారు. అదే సమయంలో సన్‌రూఫ్ చట్రాన్ని పైకప్పు మీద పెట్టి, రెండింటి వంపులూ కలుస్తున్నాయా అని చూడాలి. బల్లపరుపు చట్రాన్ని ఉబ్బెత్తు పైకప్పు మీద పెడితే నాలుగు మూలల్లో సందులు కనిపిస్తాయి. ఆ సందులను సీలెంట్‌తో నింపి ఊరుకుంటే రెండు వానలకే కారుతుంది. వంపు కలవకపోతే చట్రం మార్చుకోవాలి, లేదా రేకు అంచును కొట్టి చట్రానికి తగ్గట్టు దిద్దాలి.

కోసే ముందు పైకప్పుకు లోపలి నుంచి చెక్కలతో ఆధారం పెట్టాలి. రేకు వంపు వల్లే నిలబడుతుంది కాబట్టి, మధ్య భాగం తీసేయగానే అంచులు కిందికి జారి ఆకారం తప్పుతాయి. ఒకసారి జారిన రేకును మునుపటి వంపుకు తేవడం డెంటింగ్ పనిలో కష్టమైన వాటిలో ఒకటి. గ్యాస్ కటింగ్ ఇక్కడ పనికిరాదు. ఆ వేడికి రేకు మెలికలు తిరుగుతుంది. సన్నని పళ్ల బ్లేడు ఉన్న జిగ్‌సా, లేదా రేకును చిన్న చిన్న ముక్కలుగా కొరికే యంత్రం వాడతారు. గీత బయట పెయింటు గీసుకుపోకుండా రెండు మూడు పొరల టేపు వేస్తారు. అద్దాలన్నీ దుప్పట్లతో కప్పుతారు. కోతలో రాలే వేడి ఇనుప రజను పెయింటు మీద అలాగే వదిలేస్తే, మంచు తగిలిన మర్నాడే ఎర్రటి తుప్పు చుక్కలు తేలుతాయి. అందుకని కోత ముగియగానే రజను మొత్తం వాక్యూమ్‌తో తీసేయాలి.

ఖాళీ మూలలు గుండ్రంగా ఉండాలి. లోహపు పలకలో సూటి మూల ఉంటే లాగుడు, వంపు బలాలన్నీ ఆ మూల దగ్గర గుమిగూడి అక్కడే పగులు పుడుతుంది. 1954లో మధ్యధరా సముద్రంలో ఎల్బా ద్వీపం దగ్గర కూలిన కామెట్ విమానం ఈ సూత్రానికి విషాదకరమైన ఉదాహరణ. యాంటెన్నా కోసం విమానం పైభాగంలో పెట్టిన ఖాళీ మూల దగ్గర మొదలైన పగులే ఆ ప్రమాదానికి కారణమని దర్యాప్తులో తేలింది. కారు పైకప్పు మీద అంత ఒత్తిడి ఉండదు. అయినా గుంతల రోడ్ల మీద ఏళ్ల తరబడి కదిలే రేకుకు అదే నియమం వర్తిస్తుంది. కోసిన అంచును ఆకురాయితో నున్నగా రాకాలి. ఆ అంచు మీద చిన్న గాటు మిగిలినా పగులు అక్కడి నుంచే మొదలవుతుంది.

నున్నగా చేసిన అంచుకు ఆ రోజే తుప్పు నిరోధక ప్రైమరు, దాని మీద పెయింటు పూయాలి. కోసిన చోట రేకు లోపలి ఇనుము బయటపడుతుంది. కంపెనీ వేసిన రక్షణ పూత ఆ అంచుకు ఉండదు. రబ్బరు బీడింగు కింద దాగి ఉండే అంచు కాబట్టి తుప్పు పట్టినా పైకి కనిపించదు. కనిపించే సమయానికి చుట్టూ పెయింటు ఉబ్బి ఉంటుంది.

తరవాత బలం తిరిగి ఇచ్చే పని. ఖాళీ చుట్టూ మడత పెట్టిన ఉక్కు పట్టీతో గానీ, చదరపు గొట్టంతో గానీ చట్రం కట్టి, దాన్ని రెండు పక్కపట్టీలకూ అడ్డపట్టీలకూ వెల్డింగ్‌తో కలుపుతారు. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ వైరు తప్పనిసరిగా తీసేయాలి. ఒకే చోట ఏకధాటిగా వెల్డింగ్ చేస్తే రేకు వేడెక్కి వంకర పోతుంది. అందుకే ఇక్కడ ఒక చుక్క, ఎదురు వైపు ఒక చుక్క పెడుతూ చుట్టూ తిరిగి వస్తారు. పైకి కనిపించే రేకును చట్రానికి కలపడానికి వెల్డింగ్ కన్నా బాడీ పనికోసం తయారైన ఎపాక్సీ జిగురు మేలు. అది రేకును వేడి చేయదు, నీటినీ ఆపుతుంది. 15 అంగుళాల చిన్న సన్‌రూఫ్‌ను రెండు కమ్మీల మధ్య ఏ కమ్మీనీ కోయకుండా పెట్టగలిగితే ఇంత పని అవసరం పడదు. ఆ చిన్న సన్‌రూఫ్ చట్రం పై భాగం బయటి నుంచి, అడుగు భాగం లోపలి నుంచి రేకును మధ్యలో నొక్కి పట్టుకుంటాయి. స్క్రూలను ఒక్కొక్కటి పూర్తిగా కాకుండా, ఎదురెదురుగా కొద్ది కొద్దిగా బిగించాలి.

ఈ పనిలో అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది నీటి మీద. సన్‌రూఫ్ చుట్టూ ఉన్న రబ్బరు బీడింగే వాన నీటిని పూర్తిగా ఆపుతుందని చాలామంది అనుకుంటారు. లోపలికి జరిగే రకం సన్‌రూఫ్‌లో బీడింగు నీటిలో ఎక్కువ భాగాన్ని మాత్రమే ఆపుతుంది. దాటి వచ్చే నీరు గాజు కింద చుట్టూ ఉన్న తొట్టిలో పడుతుంది. తొట్టి నాలుగు మూలల నుంచి నాలుగు సన్నని గొట్టాలు బయలుదేరుతాయి. ముందువి రెండూ ముందు స్తంభాల లోపలి నుంచి, వెనకవి రెండూ వెనక స్తంభాల లోపలి నుంచి దిగి కారు కింద నీటిని వదులుతాయి. పావు చదరపు మీటరుకు కాస్త పెద్దదైన గాజు మీద గంటకు 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే, ఆ గంటలో పడే నీరు 14 లీటర్ల దాకా ఉంటుంది. అందులో చాలా భాగం పైకప్పు మీదుగా జారిపోయినా, మిగిలిన కొద్ది నీరు సీట్లను తడపడానికీ, నేల తివాచీ కింద తుప్పు మొదలవడానికీ సరిపోతుంది.

గొట్టాలు వేయడంలో కొన్ని నియమాలు ఉన్నాయి. పై నుంచి కింది దాకా ఎక్కడా నీరు నిలిచే వంపు ఉండకూడదు. పదునైన రేకు అంచు మీదుగా గొట్టం పోయే చోట రబ్బరు తొడుగు వేయాలి. తొట్టి మూతికి గొట్టం జారిపోకుండా బిగింపు ఉండాలి. గొట్టం చివర కారు లోపలి ఖాళీల్లో ఆగిపోకుండా బయటికి కనిపించేలా రావాలి. తలుపు కింది పెట్టె పట్టీలో గొట్టాన్ని వదిలేస్తే ఆ పట్టీ లోపల నీరు చేరి కారు అడుగు భాగాన్నే తినేస్తుంది. చిన్న సన్‌రూఫ్‌లో తొట్టి గానీ గొట్టాలు గానీ ఉండవు. అక్కడ భారమంతా బీడింగు మీదా, చట్రం కింద వేసిన బ్యూటైల్ పట్టీ మీదా ఉంటుంది. ఎండకు రబ్బరు గట్టిపడగానే బీడింగు మార్చాలి.

నీటి పరీక్ష సీలింగు గుడ్డ బిగించక ముందే జరగాలి. మొదట తొట్టి ఒక్కో మూలలో చెంబుతో మెల్లగా నీరు పోసి, పోసినంత నీరూ ఆ మూలకు సంబంధించిన గొట్టం నుంచే కిందికి వస్తున్నదా చూస్తారు. తరవాత గాజు మూసి, పైపుతో సన్నటి ధారగా పావుగంట సేపు పైకప్పు తడిపి, లోపల లైటు వేసి ప్రతి అతుకునూ పరిశీలిస్తారు. కారును ఏటవాలు నేల మీద ముందుకు వంచి ఒకసారి, వెనక్కి వంచి ఒకసారి మళ్లీ అదే చేస్తారు. చదును నేల మీద కారని సన్‌రూఫ్ ఏటవాలులో కారవచ్చు. గుడ్డ బిగించాక మరక కనిపిస్తే ఎక్కడి నుంచి కారుతున్నదో తెలుసుకోవడానికి మొత్తం మళ్లీ విప్పాలి.

మోటారుతో నడిచే సన్‌రూఫ్‌లో గాజును రెండు వైపులా రెండు తీగలు తోస్తాయి. వాటికి మర పళ్లలాంటి చుట్టు ఉంటుంది. మోటారు గేరు ఒక్కటే రెండు తీగలనూ ఒకేసారి కదిలిస్తుంది కాబట్టి గాజు రెండు అంచులూ సమంగా జరుగుతాయి. ఒక వైపు తీగ ఒక్క పన్ను తప్పినా గాజు వంకరగా నడిచి ఇరుక్కుంటుంది. బిగించేటప్పుడు రెండు వైపుల స్థానాన్నీ కొలిచి సరిచూడాలి. మోటారుకు విడి ఫ్యూజు, తాళం తీస్తే ఆగిపోయే రిలే, కరెంటు పోతే చేత్తో మూయడానికి పిడి తప్పనిసరి. అమెరికా భద్రతా ప్రమాణం 118 ప్రకారం, దానంతట అదే మూసుకునే పలకకు మధ్యలో ఏదైనా అడ్డుపడితే 100 న్యూటన్ల ఒత్తిడి దాటక ముందే అది వెనక్కి తిరగాలి. పిల్లల చేతులు, మెడలు నలగకుండా కాపాడేది ఈ నిబంధనే. పాత కార్ల నుంచి తెచ్చిన మోటార్లకు ఈ గుణం ఉండదు. వాటికి నొక్కి పట్టుకున్నంత సేపే పనిచేసే స్విచ్ పెట్టడం కనీస జాగ్రత్త.

సన్‌రూఫ్ తెరిచి నడిపినప్పుడు చెవుల్లో గుబగుబమని వచ్చే మోత చాలామందికి అనుభవమే. ఖాళీ సీసా మూతి మీద అడ్డంగా ఊదితే శబ్దం పుట్టే సూత్రమే అక్కడా పనిచేస్తుంది. ఖాళీ ముందు అంచును దాటే గాలి సుడులు తిరుగుతూ వెనక అంచును కొడుతుంది. ఆ తాకిడి లయా, కారు లోపలి గాలి సహజ లయా కలిసినప్పుడు ఒత్తిడి హెచ్చుతగ్గులు పెద్దవవుతాయి. కారు పరిమాణం పెద్దది కాబట్టి ఆ మోత చెవికి వినిపించేదాని కన్నా ఒంటికి తెలిసేది ఎక్కువ. ఖాళీ ముందు అంచున చిన్న గాలి పలక పెడితే గాలి పైకి మళ్లి సుడుల లయ తప్పుతుంది. వెనక అద్దం కొద్దిగా దించినా మోత తగ్గుతుంది. విడిగా అమర్చే సన్‌రూఫ్‌కు గాలి పలక కూడా లెక్కలోకి తీసుకుని కొనాలి.

గాజు విషయానికి వస్తే, అది కారు వాడకానికి తయారైన భద్రతా గాజే కావాలి. టెంపర్డ్ గాజు పగిలితే చిన్న మొద్దు ముక్కలవుతుంది. మధ్యలో ప్లాస్టిక్ పొర ఉన్న లామినేటెడ్ గాజు పగిలినా ముక్కలను వదలదు. టెంపర్డ్ గాజును తయారయ్యాక కోయడం గానీ తొలవడం గానీ కుదరదు. కొలత ముందే ఖాయం కావాలి. నాలుగు మిల్లీమీటర్ల గాజు చదరపు మీటరుకు పది కిలోలు తూగుతుంది. 0.8 మిల్లీమీటర్ల రేకు ఆరు కిలోలకు కొంచెం పైన. అంటే గాజు ఒక్కటే రేకు కన్నా బరువు. చట్రం, మోటారు కలిస్తే ఇంకా పెరుగుతుంది. ఆ బరువంతా కారు నెత్తి మీద చేరడం వల్ల మలుపుల్లో కారు వాలు కొద్దిగా ఎక్కువవుతుంది. వేడి మరో లెక్క. నిర్మలమైన ఆకాశం కింద మిట్టమధ్యాహ్నం చదరపు మీటరుకు సుమారు 1000 వాట్ల ఎండ పడుతుంది. రంగు గాజు అందులో కొంతే ఆపుతుంది. రామగుండం, రెంటచింతల లాంటి చోట్ల వేసవిలో లోపల జరిపే మందపాటి తెర లేని సన్‌రూఫ్ ఏసీకి అదనపు భారమే.

భద్రత విషయంలో ఒక కొలమానం గుర్తుంచుకోదగింది. అమెరికాలో 1973లో అమల్లోకి వచ్చిన 216వ ప్రమాణం ప్రకారం కారు పైకప్పు ఒక పక్క ఆ కారు ఖాళీ బరువుకు ఒకటిన్నర రెట్ల ఒత్తిడిని తట్టుకోవాల్సి ఉండేది. 2009లో దాన్ని మూడు రెట్లకు పెంచి, రెండు పక్కలా పరీక్షించాలని సవరించారు. కారు పల్టీ కొట్టినప్పుడు లోపలివారి తలకూ పైకప్పుకూ మధ్య చోటు మిగలాలన్నది ఆ నిబంధన ఉద్దేశం. షెడ్డులో కోసిన పైకప్పును ఎవరూ అలా పరీక్షించరు. 1964 ఇంపాలా అసలు ఆ ప్రమాణమే లేని కాలపు కారు. అందువల్ల చట్రం కట్టే మనిషి పనితనమే ప్రయాణికులకు రక్ష. నడుస్తున్న కారులో సన్‌రూఫ్ నుంచి పిల్లలు నిలబడి తల బయటపెట్టడం ఎంత మంచి సన్‌రూఫ్ ఉన్నా ప్రమాదమే. ఒక్క గట్టి బ్రేకు చాలు, మెడ అంచుకు కొట్టుకుంటుంది.

మన దేశంలో చట్టం ఈ విషయంలో కచ్చితంగా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. తయారీదారు నిర్దేశించిన రూపానికి విరుద్ధమైన మార్పులు చెల్లవని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణతో చేరిన 182ఎ సెక్షన్, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చని చెబుతోంది. బీమా కంపెనీకి తెలపకుండా నిర్మాణం మార్చిన కారుకు ప్రమాదం జరిగితే పరిహారం కూడా వివాదంలో పడుతుంది. కాబట్టి ఆంధ్రప్రదేశ్‌లో గానీ తెలంగాణలో గానీ రోడ్డు మీద తిరిగే కారు పైకప్పును కోయించే ముందు రవాణా శాఖ కార్యాలయంలో లిఖితపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. అనుమతి లేదంటే ఆ ఆలోచన మానుకోవాలి. సన్‌రూఫ్ కావాలనుకునేవారికి కంపెనీ బిగించి ఇచ్చిన మోడల్ కొనుక్కోవడమే ఇక్కడ సరైన దారి. అమెరికాలో ఉంటూ పాత కార్లు కట్టుకుంటున్న తెలుగువారు కూడా తమ రాష్ట్రపు తనిఖీ నియమాలు ముందే చూసుకోవాలి. అవి రాష్ట్రానికో రకంగా ఉంటాయి.

సన్‌రూఫ్ ఏదైనా, ఎవరు బిగించినా, దానికి ఏటా కొంత సేవ అవసరం. పట్టాల్లో చేరిన దుమ్మును మెత్తటి గుడ్డతో తుడిచి, కంపెనీ చెప్పిన గ్రీజు పల్చగా రాయాలి. బీడింగుకు రబ్బరును మెత్తగా ఉంచే సిలికాన్ పూత పూయాలి. వేపచెట్టు కింద నిలిపే కార్ల తొట్టి మూలల్లో ఆకులు, పూత, దుమ్ము కలిసి గొట్టం మూతిని పూడ్చేస్తాయి. సన్నని మెత్తటి నైలాన్ తీగతో ఆ మూతి శుభ్రం చేయాలి. గట్టిగా గాలి కొడితే లోపల గొట్టమే ఊడిపోవచ్చు. సన్‌రూఫ్ ఉన్న కారు యజమానులంతా తొలకరి రాకముందే నాలుగు మూలల్లో ఒక్కో గ్లాసు నీరు పోసి, నాలుగు చోట్లా కిందికి వస్తున్నదో లేదో చూసుకోవాలి. రాని మూల ఒక్కటి ఉన్నా, మొదటి పెద్ద వానకు ముందే దాన్ని బాగు చేయించుకోవాలి.